ఒడిశాలోని మన ఎన్ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, అంటే చిన్న ఊరి మున్సిపాలిటీ) కౌన్సిల్‌కి బహిరంగ లేఖ: ఎజెండాలో ఆరో ఐటమ్ గట్టిగా చదవండి

చైర్‌పర్సన్ మేడమ్ గారికి, అన్ని వార్డుల కౌన్సిలర్ అన్నలకి, అక్కలకి, ఈఓ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్) సార్ గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం సగం చదివేసరికి నేనెవరో మీలో కొంతమందికి తెలిసిపోద్ది, పర్లేదు, కానీ పేరు మాత్రం రాయట్లేదు, ఎందుకంటే హాట్‌లో, అంటే సంతలో, మా అమ్మ ఎండు చేపల బుట్ట పెట్టుకునే చోటు అందరికీ తెలుసు, సోమవారం ఆమె మళ్ళీ అక్కడే కూర్చోవాలి. ఆఫీసుకి దగ్గర్లో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. పదకొండేళ్ళుగా జనాల అప్లికేషన్లు రాస్తున్నా, ఫారాలు నింపుతున్నా. నేను చదువుకున్నది ఒడియా మీడియం, ఇంట్లో మాట తెలుగు, తెలుగు రాయడం మా నాన్న రాత్రిపూట పలక మీద దిద్దించి నేర్పారు. అందుకని ఒడియాలో వచ్చిన నోటీసు ఏంటో చెప్పమని అడిగేవాళ్ళూ, తెలుగులో చెప్తాను ఒడియాలో రాసిపెట్టమ్మా అనేవాళ్ళూ ఇద్దరూ నా షాపుకే వస్తారు.

మొన్న ఫిబ్రవరిలో జరిగిన కౌన్సిల్ మీటింగ్‌కి నేను వచ్చాను. కావాలని రాలేదు, మా వీధి తాతయ్య ఒకాయన పెన్షన్ కాగితం మీద మా వార్డు కౌన్సిలర్ అక్క సంతకం కావాల్సొచ్చింది, అక్క హాల్లో ఉందన్నారు, వెనకాల బెంచీ మీద కూర్చున్నాను, సంతకం అయ్యాక లేచి వెళ్ళిపోదామనుకున్నదాన్ని చివరిదాకా ఉండిపోయాను. ఆ రోజు ఎజెండా కాపీలు తీసింది మా షాపులోనే, ఇంకు సరిగ్గా పడని కాపీ ఒకటి వెనకవైపు లెక్కలు రాసుకోవచ్చని బ్యాగులో పెట్టుకున్నా, అది తీసి చూస్తూ మీ మాటలు విన్నాను.

మొత్తం 14 ఐటమ్స్. మొదటిది గత మీటింగ్ ప్రొసీడింగ్స్ కన్ఫర్మ్ చెయ్యడం. తర్వాత బస్టాండ్ దగ్గర లైట్ల గురించి చాలాసేపు మాట్లాడారు, చాలా బాగా మాట్లాడారు కూడా, రాత్రి బరంపురం నుంచి లాస్ట్ బస్సు దిగే ఆడపిల్లలు ఆ చీకట్లో ఎలా నడిచి వస్తున్నారో ఒక అక్క చెప్తుంటే హాలంతా నిశ్శబ్దం అయిపోయింది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత ట్యాంకర్ల సంగతి, సీ బీచ్ ఊడ్చేవాళ్ళ జీతాల సంగతి. ఆ తర్వాత ఎవరో అన్నారు, మిగతావన్నీ రొటీన్ కదా, నంబర్లు చదివేద్దాం అని. ఐదు నుంచి పద్నాలుగు దాకా నంబరు, హెడ్డింగు, పాస్, నంబరు, హెడ్డింగు, పాస్. అందరికీ టీ వచ్చింది, ఆ టీ తాగేలోపు పది ఐటమ్స్ అయిపోయాయి.

మీరు పని చెయ్యట్లేదని నేను అనట్లేదు. మీ అందరి ఇళ్ళ తలుపులు రాత్రి పదింటికి కొట్టినా తీస్తారు, నాకు తెలుసు. నేను చెప్పేది ఆ పది ఐటమ్స్ గురించే, అందులో మా ఇంటి సంగతి ఉంది.

ఆరో ఐటమ్ సైరాత్. వచ్చే ఏప్రిల్ నుంచి మార్చి దాకా హాట్ వేలం, దానికి అప్‌సెట్ ప్రైస్ (పాట మొదలయ్యే కనీస ధర), రేట్ల పట్టిక గత సంవత్సరం లాగే. ఇది చదివేవాళ్ళలో బయటివాళ్ళు ఉంటే వాళ్ళ కోసం చెప్తున్నా, హాట్, చెరువు, సైకిల్ స్టాండ్ లాంటి చిన్న చిన్న ఆదాయాలని మన ఒడిశాలో సైరాత్ అంటారు, ఏడాదికోసారి వేలం పెడతారు, ఎక్కువకి పాడినవాళ్ళు లీజు తీసుకుని అక్కడ కూర్చునేవాళ్ళ దగ్గర రుసుము వసూలు చేసుకుంటారు, కానీ ఎంత వసూలు చెయ్యాలన్నది లీజు తీసుకున్నవాళ్ళ ఇష్టం కాదు, ఆ రేటు కౌన్సిలే పెడుతుంది. అంటే మీరే పెడతారు.

ఎజెండా వెనక అతికించిన పట్టికలో రేటు చూశాను. నేల మీద బుట్ట పెట్టుకుని అమ్మేవాళ్ళకి రోజుకి 10 రూపాయలు. ఇంకోసారి చదివాను. ఒడియా అంకె తప్పు చదివానేమో అని వేలు పెట్టి మళ్ళీ చూశాను. పదే.

మా అమ్మ 20 ఇస్తోంది. ఎన్నాళ్ళ నుంచో ఇస్తోంది.

ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళి, అమ్మా బుట్టకి ఎంత తీసుకుంటారు అని తెలిసీ అడిగాను, ఇరవయ్యే కదే, గవర్నమెంటు రేటు అంది. ఎవరు చెప్పారు అంటే, అందరూ ఇస్తారు కదా అంది. రసీదు ఇస్తారా అంటే గులాబీ రంగు చిన్న ముక్క చూపించింది, దాని మీద అంకె లేదు, తారీఖు లేదు, ఒక గీత ఉంది. మన హాట్ వారానికి రెండు రోజులు, సోమవారం, శుక్రవారం. ఏడాదికి 104 రోజులు. రోజుకి పది రూపాయలు ఎక్కువ అంటే 1,040 రూపాయలు. ఎండు చేపల వరసలో కూర్చునేవాళ్ళని శుక్రవారం వెళ్ళి లెక్కపెట్టాను, అరవై మంది ఉన్నారు, అందరూ మా అమ్మ లాగే ఇస్తుంటే ఏడాదికి 62,400 రూపాయలు. ఇందులో ఎన్ఏసీ ఖాతాకి ఒక్క పైసా రాదు. మీ దగ్గర కాగితం కరెక్టుగానే ఉంది, రేటు న్యాయంగానే పెట్టారు, కానీ ఆ కాగితం హాల్లోంచి బయటికి రాలేదు, వస్తే కదా మా అమ్మకి తెలిసేది.

పది రూపాయలే కదా అని ఎవరైనా అంటే వాళ్ళు మా వీధి క్యాలెండర్ ఒకసారి చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర పడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. అది కాక తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం అని నవంబర్ 1 నుంచి మే 31 దాకా రుషికుల్య నది ముఖద్వారం చుట్టుపక్కల సముద్రంలో వేట నిషేధం. తాబేళ్ళు బతకాలి, వాటిని చూస్తే మా వాళ్ళు చెయ్యెత్తి దణ్ణం పెడతారు, ఆ నిషేధం తప్పని నేను అనను. కానీ పడవ ఒడ్డున ఉన్న రోజుల్లో ఇంటికి డబ్బులు వచ్చేది ఎండు చేపల బుట్ట నుంచే. నెత్తళ్ళు, కవళ్ళు ఇసకలో ఎండబెట్టి, కాకులకి కాపలా కాసి, ఉప్పు పట్టిన చేతులతో ఏరి, రెండు వందల యాభై గ్రాముల లెక్కన అమ్మి, రోజంతా కూర్చుంటే ఒక్కోసారి మూడు వందలు వస్తాయి, ఒక్కోసారి నూట యాభై. అందులో పది రూపాయలంటే మాకు లెక్కే.

కాబట్టి నేను మిమ్మల్ని మొదట అడిగేది ఇదే. సైరాత్ ఐటమ్ వచ్చినప్పుడు హెడ్డింగు చదివి పాస్ అనకండి. రేట్ల పట్టిక మొత్తం గట్టిగా చదవండి. బుట్టకి ఇంత, తోపుడు బండికి ఇంత, కోడి బుట్టకి ఇంత, షెడ్డులో దుకాణానికి ఇంత. ఐదు నిమిషాలు పడుతుంది. చదివాక ఆ పట్టికనే హాట్ గేటు దగ్గర బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, పైన ఒడియాలో, కింద తెలుగులో. లీజు తీసుకున్నవాళ్ళు ఇచ్చే రసీదు మీద అంకె, తారీఖు ఉండాలని అగ్రిమెంటులో ఒక లైను పెట్టండి. దీనికి కొత్తగా పథకాలేమీ అక్కర్లేదు, డబ్బాడు రంగు, ఒక పెయింటర్ చాలు.

తొమ్మిదో ఐటమ్ గురించి కూడా చెప్పాలి. మురుగు కాలవల్లో పూడిక తియ్యడం, అన్ని వార్డులూ, టెండర్ ఆమోదం, జూన్ లోపు పూర్తి. జూన్‌లో తియ్యడం మంచిదే. కానీ మన తీరానికి అసలు గండం జూన్‌లో కాదు కదా. 1999లో అక్టోబర్ నెలలోనే సూపర్ సైక్లోన్‌కి పదీ పన్నెండు రోజుల ముందు ఇంకో తుఫాను మన గంజాం మీద పడింది, ఫైలిన్ 2013 అక్టోబర్ 12, తిత్లీ 2018 అక్టోబర్ 11, గులాబ్ 2021 సెప్టెంబర్ 26. మా పెద్దాళ్ళు దసరా నెల వస్తోందంటేనే పడవల తాళ్ళు చూసుకుంటారు. జూన్‌లో తీసిన కాలవ సెప్టెంబర్‌కి మళ్ళీ నిండిపోతుంది, పైగా తీసిన బురదని కాలవ పక్కనే కుప్ప పోసి వదిలేస్తారు, మొదటి వాన పడగానే సగం మళ్ళీ కాలవలోకే, మిగతా సగం మా గుమ్మాల్లోకి. సెప్టెంబర్ మొదటి వారంలో సముద్రం వైపు వార్డుల్లో ఇంకోసారి తీయించండి, తీసిన బురద రెండు రోజుల్లో ఎత్తీయాలని టెండర్‌లోనే రాయండి. హెడ్డింగుతో పాటు తారీఖులు కూడా చదివి ఉంటే ఆ హాల్లోనే ఎవరో ఒకరు ఈ మాట అనేవాళ్ళు, మీలో ముగ్గురు సముద్రం వైపు వార్డుల వాళ్ళే.

ఇక పదకొండోది. జనన మరణ రిజిస్ట్రేషన్, నెలవారీ లెక్క, నోట్ చేసుకోవడమైనది. ఇందులో పాస్ చెయ్యడానికి ఏమీ లేదు, నిజమే, ఎంతమంది పుట్టారు ఎంతమంది పోయారు అనే అంకెలు అంతే. కానీ ఆ అంకెల వెనకున్న పేర్లు నా షాపుకి వస్తాయండి. పుట్టిన 21 రోజుల్లోపు చెప్తే ఫీజు లేకుండా రిజిస్టర్ అవుతుంది, ఆ తర్వాత లేట్ ఫీజు, అఫిడవిట్లు, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఆర్డర్ దాకా వెళ్తుంది. 2023 అక్టోబర్ 1 నుంచి చట్టంలో మార్పు వచ్చాక, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకి స్కూల్ అడ్మిషన్‌కైనా, ఓటుకైనా, పాస్‌పోర్ట్‌కైనా, లైసెన్సుకైనా ఈ ఒక్క సర్టిఫికెట్టే పుట్టిన తారీఖుకి రుజువు. అంత ముఖ్యమైన కాగితం మీద మా పిల్లల పేర్లు ఎలా పడుతున్నాయో చూడండి. వెంకటలక్ష్మి అని తల్లి చెప్తుంది, రాసేవాళ్ళ చెవికి బెంకట లఖ్మి అని వినిపిస్తుంది, అదే రాస్తారు, వాళ్ళ తప్పు కాదు, ఒడియాలో వ పలికే తీరు వేరు. మాకు ఇంటిపేరు ముందు ఉంటుంది, ఫారంలో ఇంటిపేరు చివర అడుగుతారు, తండ్రి కాగితంలో ముందు, పిల్ల కాగితంలో వెనక, ఆధార్‌లో అసలు ఉండదు. ఒకే ఇంట్లో నలుగురికి నాలుగు రకాల ఇంటిపేర్లు నేను చూశాను. టెన్త్ ఫారం నింపే రోజున ఆ పిల్ల ఏడుస్తూ వస్తుంది, అప్పుడు అఫిడవిట్ రాయించాలి, నోటరీకి ఇవ్వాలి, బరంపురం తిరగాలి, తండ్రికి రెండు రోజుల కూలి పోద్ది.

ప్రింట్ తియ్యకముందు ఒక్కసారి కంప్యూటర్‌లో ఉన్న పేరుని తల్లికో తండ్రికో చదివి వినిపించమనండి. ఇలాగేనా అమ్మా అని అడగమనండి. ఇంటిపేరు ఏది, పేరు ఏది అని విడిగా అడగమనండి. నేను అడిగేది ఆ అర నిమిషమే.

ఇప్పుడు భాష సంగతి. ఇది రాయడానికి కొంచెం ఆలోచించాను, ఎందుకంటే తెలుగు అనగానే ఇది ఏదో గొడవ కోసం అనుకునేవాళ్ళు ఉంటారు. గొడవేమీ లేదు. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, మా ఇంటి దస్తావేజు పాతది తెలుగులోనే ఉంది, తర్వాతవి ఒడియాలో ఉన్నాయి, రెండూ ఒకే ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నా కూతురు ఒడియాలో క్లాస్ ఫస్ట్. పండగకి పక్కింటి ఒడియా అక్క పిఠా పంపిస్తుంది, నేను బూరెలు పంపిస్తా. మా బతుకంతా రెండు భాషల్లోనూ నడుస్తోంది, కాగితమే ఒక భాషలో ఆగిపోయింది. ఒడియా కాగితం ఉండాలి, ఉంటుంది, దాని పక్కన తెలుగు కాగితం కూడా ఒకటి అంటించమంటున్నా అంతే. గట్టిగా చదివితే లాభం తెలుగువాళ్ళకే కాదు, కూరగాయల వరసలో కూర్చునే ఒడియా ముసలమ్మలకి ఒడియా బోర్డు కూడా చదవడం రాదు, వాళ్ళు కూడా ఇరవయ్యే ఇస్తున్నారు, నేను అడిగి కనుక్కున్నాను.

చట్టం కూడా దీనికి అడ్డు చెప్పట్లేదు. రాజ్యాంగంలో 350వ ఆర్టికల్ ఉంది, ఎవరైనా తన కష్టం గురించి కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకి అర్జీ పెట్టుకోవచ్చు. ఒక ప్రాంతంలో వేరే భాషవాళ్ళు 15 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే ముఖ్యమైన నోటీసులు వాళ్ళ భాషలో కూడా వెయ్యాలని కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకి 1956 నుంచి చెప్తూనే ఉంది. మా వీధిలో నూటికి తొంభై మంది తెలుగే మాట్లాడతారు, ఓట్ల లిస్టు చూస్తే మీకే తెలుస్తుంది. అయినా తెలుగులో రాసిన అర్జీ తెస్తే కౌంటర్లో, ఒడియాలో రాయించుకుని రండి అంటున్నారు, వాళ్ళు మళ్ళీ నా దగ్గరికే వస్తున్నారు, నేను ముప్పై రూపాయలు తీసుకుని రాసిస్తున్నాను. ఆ ముప్పై రూపాయలు నాకు వద్దు. అర్జీ ఏ భాషలో ఉన్నా తీసుకుని రిసీవ్‌డ్ స్టాంపు వెయ్యమని కౌంటర్‌కి ఒక కాగితం ఇవ్వండి.

ఫైలిన్ వచ్చినప్పుడు మీలో కొంతమంది ఊళ్ళోనే ఉన్నారు. రెండు రోజుల ముందు నుంచి మైకు కట్టిన ఆటో మా వీధుల్లో తిరిగింది. ముందు ఒడియాలో చెప్పేవారు, వెంటనే తెలుగులో. షెల్టర్‌కి వెళ్ళండి, పడవలు పైకి లాగీయండి, బియ్యం, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. మా అమ్మమ్మ గడప దిగనని మొండికేస్తే, ఆ తెలుగు గొంతు రెండోసారి విన్నాక లేచి చెప్పులేసుకుంది. ఆ తుఫానుకి ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన గాలికి మా పాక పైకప్పు ఎగిరిపోయింది కానీ మా వీధిలో మనిషి ఎవరూ పోలేదు. ఆ రోజు ఆ ఆటోలో తెలుగులో చెప్పాలని ఎవరు అనుకున్నారో నాకు తెలీదు, వాళ్ళకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను. హాట్ రేటుకీ, కాలవ తీసే తారీఖుకీ, పిల్లల పేర్లకీ కూడా అదే ఆటో తిరగాలని అడగట్లేదు, ఒక కాగితం చాలు.

2022 మార్చిలో జరిగిన ఎలక్షన్లలో చైర్‌పర్సన్‌ని మొదటిసారి జనమే నేరుగా ఓటేసి ఎన్నుకున్నారు. మేడమ్, మీరు మా వీధికి వచ్చినప్పుడు మా అమ్మ చేతులు పట్టుకుని తెలుగులోనే మాట్లాడారు, ఏం పిన్నీ, చేపలు ఎండుతున్నాయా అని. మా అమ్మ అది ఇప్పటికీ చెప్పుకుంటుంది. కౌన్సిల్లో సగం సీట్లు ఆడవాళ్ళవే, హాట్‌లో బుట్టలు పెట్టుకునేది కూడా ఎక్కువ ఆడవాళ్ళే. బయట మాట్లాడిన ఆ తెలుగు హాల్లో కూడా ఒక్క ఐదు నిమిషాలు వినిపిస్తే బాగుంటుంది.

తెలుగులోకి ఎవరు రాస్తారు, ఆఫీసులో మనిషి లేడు అని అంటారేమో. నేను రాస్తాను. డబ్బులేమీ వద్దు. మార్చి మీటింగ్ చివరి శనివారం అని విన్నాను, ఎజెండా జిరాక్స్‌కి ఎలాగూ గురువారం మా షాపుకే వస్తుంది, నోటీసు బోర్డుకి తెలుగు కాపీ కూడా కావాలి అని ఈఓ సార్ ఒక్క మాట చెప్తే చాలు, శుక్రవారం హాట్ మొదలయ్యేలోపు రాసి తెచ్చీస్తాను. రాసినదాంట్లో తప్పులేమైనా ఉన్నాయేమో మీ తెలుగు కౌన్సిలర్లే చూసి సంతకం పెట్టొచ్చు. కాగితం, జిగురు మావే. ఒకటి ఆఫీసు బోర్డుకి, ఒకటి హాట్ గేటుకి, ఒకటి మా గంగమ్మ గుడి గోడకి.

ఆరో ఐటమ్ మాత్రం మీరే చదవాలి, గట్టిగా. ఆ రోజు మా అమ్మని కూడా తీసుకొస్తాను, వెనకాల బెంచీ మీద ఇద్దరం కూర్చుంటాం.

ఇట్లు,
ఆఫీసు ఎదురు రోడ్డు జిరాక్స్ షాపు,
ఎండు చేపల వరసలో మూడో బుట్ట వాళ్ళ అమ్మాయి